మన వహీ

మొన్న మా తమ్ముడి కూతురు స్వప్న అహేరి నుంచి సర్కారు ఎస్టీ బస్సులో వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, సంచిలోంచి కొత్త నోటు పుస్తకాల కట్ట తీసి నా మంచం మీద పరిచింది. అది అక్కడి దవాఖానలో కౌన్సిలర్‌గా పనిచేస్తుంది. నిద్ర పట్టనివాళ్ళు, ఊరికే ఏడుపొచ్చేవాళ్ళు, పంట పోయి ఎవరితోనూ పలకకుండా కూర్చున్నవాళ్ళు దాని దగ్గరికి వస్తారు. రాలేనివాళ్ళ దగ్గరికి కమలాపూర్ అడవి ఊళ్ళ దాకా అదే పోతుంది. ఈమధ్య వాళ్ళచేత రోజుకొక పేజీ రాయిస్తోందట, రాయడం రానివాళ్ళచేత చెప్పిస్తోందట. "రాస్తే మనసు తేలికైతది అత్తమ్మా, ఇది కొత్త పద్ధతి. నువ్వు గూడ రాయి. మామయ్య పోయినకాన్నుంచి నువ్వు సప్పుడు చేస్తలేవని బాపు పరేషాన్ అయితున్నడు," అంది.

కొత్త పద్ధతా! నేను మంచం మీంచి దిగ్గున లేచి నిలబడ్డాను. మోకాళ్ళ నొప్పి సంగతే గుర్తుకు రాలేదు. "ఓ పిల్లా, కొత్తదంటవేందే! నేను మూడో తరగతిల ఉన్నప్పుడే మనింట్ల ఇది అయిపోయింది. మీ ముత్తాత పానం నిలవడ్డదే దీని మీద!" అని అరిచాను. మంచినీళ్ళు తాగుతున్న పిల్లకు పొలమారింది. ఇదంతా దానికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. వాళ్ళ నాన్నకూ తెలియదు, అప్పటికి వాడు చంకలో పిల్లవాడు. స్వప్నను కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. చాయ్ చల్లారింది, పొయ్యి మీది పప్పు అడుగంటింది, నేను మాత్రం ఆపలేదు. ఆ హుషారు దిగిపోకముందే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. నాకు తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక, మంచిర్యాల ఇంట్లో మా ఆయన నేర్పితే వచ్చాయి. అంతవరకు నాకు తెలిసినవి మరాఠీ అక్షరాలే. ఈ కథ మొత్తం ఆ అక్షరాల వల్లే జరిగింది.

మా ఊరు మహారాష్ట్రలో సిరోంచకు దగ్గర, ప్రాణహిత ఒడ్డున. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగట్లో ఉర్దూ. మాకు అది మూడు భాషలని కూడా తెలియదు, అవసరమొచ్చినప్పుడు ఏది నోటికొస్తే అది. వానకాలంలో మా ఇల్లంతా ఒకటే వాసన: తడి కట్టెల పొగ, అటక మీద ఎండిన ఇప్పపువ్వు, ఆరని బట్టలు, కొట్టంలోంచి వచ్చే పశువుల వాసన, వాటన్నిటి మీదా మా తాత చుట్ట. పొద్దున జొన్న గటక, దాంట్లో నిన్నటి పులుసు. మధ్యాహ్నం పనులయ్యాక బాపమ్మ చాట పట్టుకుని వాకిలి పంచలో కూర్చునేది. బాపమ్మంటే మా బాపు తల్లి, నాన్నమ్మ. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ అందరినీ తిట్టేది. ఆమె తిట్టని రోజు ఆమెకు జ్వరమొచ్చినట్టు లెక్క. అమ్మ పొయ్యి దగ్గర, బాపు చేను దగ్గర, బాపు తమ్ముడు, ఇంకా పెళ్ళికాని మా చిన్నబాపు ఎప్పుడు చూసినా అద్దం దగ్గర. అతని జుట్టుకు పట్టే కొబ్బరినూనెతో దీపం పెట్టుకోవచ్చని బాపమ్మ అనేది.

తాత మాత్రం వాకిట్లో ఉండేవాడు. అబ్బ, ఆ మనిషి మాటలు! ఆయన అంగడికి పోయి ఉప్పు తెస్తే, ఆ ఉప్పు తెచ్చిన ముచ్చట పొద్దుగూకేదాకా నడిచేది. దారిలో ఎదురొచ్చిన ఎలుగుబంటి, దానికి ఈయన చెప్పిన సమాధానం, నావ నడిపేవాడి పెళ్ళాం గొణుగుడు, అన్నీ వచ్చేవి. ఒక్కటే షరతు. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందా, కథ ఆగింది. "ఊఁ లేని కథ ఉప్పు లేని కూర," అని చుట్ట నోట్లో పెట్టుకుని అలిగి కూర్చునేవాడు. ఊరివాళ్ళు పనులు మానుకుని మరీ వచ్చి ఊఁ కొట్టేవాళ్ళు. నాకు ఆయన ఒళ్ళో కూర్చుని ఊఁ కొట్టడమంటే ఎంత గొప్పో చెప్పలేను, రాజుగారి పక్కన కూర్చున్నట్టుండేది.

ఆ ఏడు శ్రావణంలో నది పొంగింది. మా నది పొంగడం మాకు కొత్త కాదు. అవతల గోదావరి నిండుగా వస్తే ప్రాణహితకు పోవడానికి దారి దొరకదు, అది వెనక్కి మళ్ళి చేల మీదికి వస్తుంది. అయితే ఆసారి తెల్లారేసరికే వచ్చింది. చేను దగ్గరి కొట్టంలో మా ఎద్దులు రెండు, కర్రోడు, తెల్లోడు. తాతా బాపూ పరుగెత్తారు. కర్రోడితో తిరిగొచ్చారు. తెల్లోడు రాలేదు. బాపు వాకిట్లో అందరికీ వినపడేలా, "తలుగు తెంపుకొని నీళ్ళల్ల వడ్డది, మనమేం జేస్తం," అన్నాడు. తాత ఏమీ అనలేదు. ఆరోజు అనలేదు, మరునాడు అనలేదు, ఆ తర్వాత కూడా అనలేదు. ఆ నోరు అట్లా మూతపడింది.

ఇల్లు ఇల్లులా లేదు. వరద తీసింది, ఊరివాళ్ళు పరామర్శకు వచ్చారు, తాత గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. చుట్ట మానేశాడు. గటక గిన్నె ముందు పెడితే రెండు ముద్దలు తిని పక్కకు జరిపేవాడు. అన్నిటికన్నా భయమేమిటంటే, పొద్దున్నే లేచి ఒక్కడే నది ఒడ్డుకు పోయి నీళ్ళవైపు చూస్తూ నిలబడేవాడు. పెద్దవాళ్ళు నా ముందు ఏమీ మాట్లాడలేదు గాని పిల్లలకు తెలియకుండా ఉంటుందా? బావి చేద తాడు బాపమ్మ తన పెట్టె వెనక దాచింది. నీళ్ళు తోడాలంటే ఆమెను అడగాలి. తాత గుమ్మం దాటగానే నా వీపు మీద బాపమ్మ చరుపు ఒకటి పడేది: "తాత ఎనుక పో. చెయ్యి ఇడువకు. నీళ్ళ దిక్కు ఒక్క అడుగు ఎక్కువేసినా మొత్తుకో." నాకు తాతను ఎవరో ఎత్తుకుపోతారేమో అన్నట్టుండేది. ఆయన వేలు పట్టుకుని నిలబడేదాన్ని, ఆ వేలు నా చేతిని తిరిగి పట్టుకునేది కాదు. అది నాకు ఇప్పటికీ బాధే. ఇంకోవైపు చిన్నబాపు, ఒంటెద్దుతో సేద్యం కాదు, పోళా పండుగ అయ్యాక కర్రోణ్ణి అమ్మేద్దామంటున్నాడు. తాత దానికీ ఏమీ అనలేదు.

అప్పుడే మా బడికి చామోర్షి వైపు నుంచి కొత్త గురూజీ వచ్చాడు. తెల్ల పైజామా, సన్న మీసం, తెలుగు ముక్క రాదు. పాపం మంచివాడు. వరద తర్వాత పిల్లలందరూ మూగమొహాలతో బడికి వస్తున్నారని చూసి, ఒక్కొక్కరికి ఒక నోటు పుస్తకం ఇచ్చాడు. అట్ట మీద తన చేత్తో పెద్ద అక్షరాల్లో 'మన వహీ' అని రాశాడు. రోజూ ఇంట్లో కూర్చుని దీంట్లో రాయండి, ఏ భాషలో వస్తే ఆ భాషలో రాయండి, అన్నాడు. వహీ అంటే నోటు పుస్తకమని మాకు తెలుసు. ఇక మొదటి మాట. మరాఠీలో మన అంటే మనసు. మీ మనసులో ఉన్నది రాసుకోండి అని ఆయన ఉద్దేశం. నాకేం తెలుసు? మా ఇంటి భాషలో మన అంటే మన. మనందరిది. ఇది మనందరి పుస్తకం, కాబట్టి ఇంట్లో అందరివీ రాయాలి! ఇంటికి ఎట్లా పరుగెత్తానో! దారిలో బురదలో జారిపడి లేచి, పుస్తకం మాత్రం తల మీద పెట్టుకుని, "బాపమ్మా, అందరు ఒక్కొక్క ముచ్చట చెప్పాలె! గురూజీ హుకుం!" అని వాకిట్లోంచే కేకేశాను.

గురూజీ హుకుం అంటే మా ఇంట్లో సర్కారు హుకుం కింద లెక్క. బాపమ్మ చాట కింద పెట్టి, కొంగు సర్దుకుని, ఫొటో దిగుతున్నట్టు కూర్చుని చెప్పింది. ఆమె మొదటి ముచ్చట పక్కింటి కోడి మా గుమ్మడి పాదు పొడిచిన సంగతి. నేను మరాఠీ అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ పోయాను. అంతలో ఒక చిక్కొచ్చింది. బాపమ్మ 'నా గుమ్మడి పాదు' అంది. మన పుస్తకంలో 'నా' ఎట్లా రాస్తాం? గురూజీ అట్ట మీదే రాశాడు కదా! అందుకని నేనే ఒక చట్టం పెట్టాను. ఎవరు 'నా' అన్నా నేను 'మన' అని రాస్తాను. మన గుమ్మడి పాదు. చిన్నబాపు సిరోంచలో కొత్త చెప్పులు చూసొచ్చిన సంగతి చెప్పాడు. మన చెప్పులు. బాపుకు నడుము నొప్పి. మన నడుము నొప్పి! చదివి వినిపిస్తే బాపు పగలబడి నవ్వాడు, వరద తర్వాత ఆయన నవ్వింది అదే మొదలు. ఇక రోజూ మధ్యాహ్నం చాయ్ వేళకు అందరూ తయారు. "ఇయ్యాల నాది ముందుగాల రాయాలె," అని బాపమ్మ, "నిన్న నీదే ముందు రాసింది, ముసల్దానివి నీకేం తొందర," అని చిన్నబాపు. అమ్మ మాత్రం రోజూ ఒకటే చెప్పేది. "ఇయ్యాల పుంటికూర వండిన. ఇయ్యాల పప్పు వండిన. చాలు, రాస్కో."

తాత అక్కడే గోడకు ఆనుకుని ఉండేవాడు. వినేవాడో లేదో తెలియదు. నేను రోజూ ఒక పేజీ పైన 'తాత' అని రాసి ఆయన ముందు కూర్చునేదాన్ని. పెన్సిలు నాలికకు తడిపి, "ఊఁ, చెప్పు తాతా," అనేదాన్ని. ఆయన చూపు నా మీదుగా ఎక్కడికో పోయేది. పేజీ తిప్పేసేదాన్ని. బాపమ్మ లోపలికి వెళ్ళి ముక్కు చీదుకునేది. ఒకరోజు చిన్నబాపుకు ఏం తోచిందో, తాత పేజీ తనే చెప్తానన్నాడు. "రాయి పిల్లా. తాతది నేను చెప్త. ఆ పొద్దు నీళ్ళొచ్చినయ్. తెల్లోడు మస్తు బలమున్న ఎద్దు. తలుగు పటుక్కున తెంపుకొని…"

"ఊహుఁ."

ఎవరన్నారో ముందు తెలియలేదు. బాపమ్మ చేతిలో చాట వంగి బియ్యం జారిపోతున్నాయి, ఆమె చూసుకోలేదు. తాత గోడ నుంచి వీపు తీసి ముందుకు వంగాడు. గొంతు తుప్పు పట్టిన తలుపులా ఉంది. "తెంపుకోలే. అది తెంపుకోలే. తలుగు కట్టింది నేను. అది ఉరుకుతదని రెండు ముళ్ళేసి బిగిచ్చి కట్టిన. నీళ్ళల్ల నాని ముడి రాలే. కొడవలి ఇంటికాడనే మర్చిపోయిన. పండ్లతోని గూడ కొరికిన. రాలే. మీ బాపు నా రెట్ట వట్టి గుంజిండు. నేను ఇడిసిపెట్టి వచ్చిన. అది అరవను గూడ అరవలే. మళ్ళొస్తననుకొని నా దిక్కే సూస్కుంట నిలవడ్డది."

ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. పెద్దవాళ్ళందరూ రాళ్ళలా నిలబడిపోతే, నాకు ఒకటే ఆరాటం, మాటలు తప్పిపోతున్నాయే! "ఆగు తాతా, జర ఆగు! 'బిగిచ్చి' దాకనే అయ్యింది. ముళ్ళు రెండా, మూడా? పండ్లతోని ముందుగాల కొరికినవా, ఎనుక కొరికినవా?" అని అడిగాను. బాపు నన్ను లేపబోతే బాపమ్మ చేయి అడ్డం పెట్టింది. తాత నా పెన్సిలు వైపు చూసి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. నేను రాసినంత నెమ్మదిగా చెప్పాడు. ఒక్కొక్క మాట దగ్గర ఆగి, నా చేయి అందుకునేదాకా చూసి, తర్వాతి మాట చెప్పాడు. మొదటిసారి వణికిన గొంతు రెండోసారి అంత వణకలేదు. చివర, "నా ఎద్దు. నా ముడి. నా తప్పు. గది రాయి," అన్నాడు. రాశాను. "సదువు," అన్నాడు. బడిలో పాఠం చదివినట్టు, వేలు పెట్టుకుని, గట్టిగా చదివాను. చివరికొచ్చాను. "మన ఎద్దు. మన ముడి. మన తప్పు."

"నేనేమన్న, నువ్వేం రాసినవ్?" అన్నాడు తాత.

"ఇది మన వహీ గద తాతా. దీంట్ల 'నా' అని రాయొద్దు."

బాపమ్మ, చాటలో మిగిలిన బియ్యం వైపు చూస్తూ, "పిల్ల మంచిగనే రాసింది. కొడవలి రోజు చేతికిచ్చేదాన్ని నేను. ఆ పొద్దు ఇయ్యకపోతి," అంది. చిన్నబాపు తల వంచుకుని, "ఆ దినం కొట్టంల పండుకునే వంతు నాది. నేను సిరోంచల ఉంటి," అన్నాడు. బాపు తాత పక్కన చతికిలబడి, "బాపూ, నీ రెట్ట గుంజింది నేను. గుంజకపోతే నువ్వు ఆ ముడి ఇప్పుకుంటనే పోతుంటివి. మళ్ళ అట్లయితే మళ్ళ గుంజుత," అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తాత బాపు తల మీద చేయి వేశాడు. "మనది," అన్నాడు. ఆ మాట రుచి చూస్తున్నట్టు మెల్లగా రెండుసార్లు అన్నాడు. అమ్మ ఏమీ అనకుండా గటక గిన్నె తెచ్చి పెట్టింది. తాత గిన్నె ఖాళీ చేశాడు. మరునాడు పొద్దున చేద తాడు బావి గిలక మీదికి వచ్చేసింది, బాపమ్మను ఎవరూ అడగలేదు.

ఇంకా ఉంది, అసలు తమాషా ఇంకా ఉంది! వారం తిరక్కుండానే గురూజీ పుస్తకాలు అడిగాడు. నాది తెరిచాడు. అక్షరాలు ఆయనవే, మాటలు మావి. చదవడం వస్తుంది, అర్థం కాదు. కనపడేదంతా 'మన', 'మన', 'మన'. కళ్ళజోడు సర్ది తరగతిని అడిగాడు, "ఎద్దు అంటే ఏమిటి?" అని మరాఠీలో. "బైల్!" అని అందరూ అరిచారు. 'ముడి' అంటే, 'తప్పు' అంటే, అన్నీ అడిగి తెలుసుకున్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. సాయంత్రం సైకిలు మీద నేరుగా మా ఇంటికొచ్చాడు. చిన్నబాపును పక్కన నిలబెట్టుకుని, తాతకు దండం పెట్టి, మరాఠీలో ధారగా మాట్లాడాడు. చిన్నబాపు తెలుగు చేస్తూ పోయాడు. "గురూజీ ఏమంటున్నడంటే, ఈ పిల్ల మామూలుది కాదంటున్నడు. మనసు ఒక ఎద్దంట. దానికి మనసే ముడేసుకుంటదంట. నీళ్ళొచ్చినప్పుడు ఆ ముడి ఊడదంట. అది మనిషి తప్పు కాదు, మనసు తప్పు అని రాసిందంట. ఇంత గనం మాట పెద్ద పెద్ద సాధువులు గూడ…" అంటూ చిన్నబాపు ఆగిపోయాడు. అతని మొహం మారిపోయింది.

"జర మళ్ళ చెప్పుమను," అన్నాడు తాత. గురూజీ ఇంకా హుషారుగా మళ్ళీ చెప్పాడు. తాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని బాపమ్మ పరుగున వచ్చింది. కాదు, నవ్వు! దగ్గొచ్చేదాకా, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, రుమాలు నోట్లో కుక్కుకునేదాకా నవ్వాడు. "గురూజీ, మనసు కాదయ్యా! ఎద్దు! నాలుగు కాళ్ళది, తోక ఉండేది, గడ్డి తినేది!" అన్నాడు. విషయం తెలిశాక గురూజీ చెవులు పట్టుకున్నాడు, తర్వాత తనూ నవ్వాడు, ఆ తర్వాత నవ్వు ఆపి, అసలేం జరిగిందో చెప్పమని తాతను అడిగాడు. తాత చెప్పాడు. చిన్నబాపు మధ్యలో ఉన్నాడు గాని అతని అవసరం పెద్దగా పడలేదు. గురూజీ ప్రతి మాటకూ 'హం, హం' అంటున్నాడు. ఆయన వెళ్ళాక తాత, "పంతులుకు ఊఁ కొట్టుడు మంచిగనే వచ్చు," అని చుట్ట కోసం చేయి చాచాడు. మరునాడు గురూజీ బడిలో మన అంటే మనసని విడమరిచి చెప్పాడు. నేను మాత్రం నా పద్ధతి మార్చలేదు, ఆయన కూడా మార్చమనలేదు.

ఇదంతా విని స్వప్న మంచం మీది నోటు పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుంది. నేనేమో గెలిచినట్టు కూర్చున్నాను. చూశావా, మేం అప్పుడే చేశాం, అందరం కలిసి చేశాం, మీలాగా తాళం వేసుకుని రాసుకోలేదు, అన్నట్టు. అప్పుడది అడిగింది. "మరి మీ అమ్మ ఏం చెప్పేది అత్తమ్మా? పుంటికూరనేనా? ఎన్నడూ?" నిజమే. బాపమ్మకు కోడి ఉంది, చిన్నబాపుకు చెప్పులున్నాయి, తాతకు తెల్లోడున్నాడు. తప్పు పంచుకున్న ఆ రోజు కూడా అమ్మ గిన్నె తెచ్చి పెట్టి లోపలికి పోయింది. అందరి ముందు, అత్తా మామా మరిది మధ్య, ఆమె ఏం చెప్పగలదు? 'మన' అన్న మాట మా తాతను కాపాడింది, ఒప్పుకుంటాను, కాని ఆ మాటలో మా అమ్మ కూర్చోవడానికి చోటు లేదు. ఆమెకు కావలసింది ఎవరూ చూడని 'నా' అనే ఒక పేజీ. ఇప్పుడు కమలాపూర్ దిక్కు ఒక కోడలు స్వప్న ఇచ్చిన పుస్తకం బియ్యం డబ్బాలో దాచుకుని రాసుకుంటోందట. ఎవరికీ చూపించదట, ఈమధ్య మాత్రం నిద్రపోతోందట. ఆ మాట వింటే ఎంత సంతోషమైందో! అప్పుడు బాగుండేది, ఇప్పుడు పాడైపోయిందని ఏడ్చే ముసలివాళ్ళలో నేను లేను. అప్పుడు ఇల్లంతా చుట్టూ కూర్చుని వినేది, అది ఇప్పుడు లేదు. ఇప్పుడు ఒక ఆడపిల్ల ఊరూరా తిరిగి, నీకేమైందమ్మా అని మా అమ్మలాంటివాళ్ళను అడుగుతోంది, అది అప్పుడు లేదు. రెండూ ఒక్కచోట ఉండి ఉంటే ఎంత బాగుండేది.

పోళా సంగతి చెప్పకుండా ఎట్లా ఆపుతాను! మా దిక్కు ఎద్దుల పండుగ అది. వాటిని కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఊరి తోరణం కింద జోడీ జోడీలుగా నిలబెడతారు. ఆ ఏడు ఒంటెద్దుతో ఎవరు పోతారని బాపు కర్రోణ్ణి కొట్టంలోనే ఉంచాడు. తాత తనే విప్పాడు. నదికి తోలుకుపోయి కడిగాడు, కొమ్ములకు ఎర్రరంగు పూశాడు, పసుపు పెట్టాడు. ఇంటిల్లిపాదీ కిటికీలోంచి, తలుపు సందులోంచి చూస్తున్నాం. తాత కర్రోణ్ణి పట్టుకుని తోరణం కింద, జోడీల మధ్య, ఒక్కడే నిలబడ్డాడు. నేను ఆయన వేలు పట్టుకున్నాను. అవతలి వాడ పెద్దమనిషి ఒకాయన, ఎరగక అడిగాడో ఎరిగి అడిగాడో, "ఏంది రాజన్నా, ఒక్కదాన్నే తెచ్చినవ్? రెండోదేది?" అన్నాడు. డప్పులు కూడా ఆగినట్టనిపించింది. తాత వేలు నా చేతిని గట్టిగా పట్టుకుంది. "రెండోదా? కూసో, చెప్త," అన్నాడు తాత. ఆయన కూర్చున్నాడు, ఆయన పక్కన ఇంకొకరు కూర్చున్నారు, అట్లా ఎద్దుల పగ్గాలు చేత పట్టుకునే ఊరు ఊరంతా చుట్టూ చేరింది. తాత మొదలుపెట్టాడు. తెల్లోడు మా ఇంటికి దూడగా వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టాడు.

నేను ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్పేసరికి బాపమ్మ పోలెలు, అదే బొబ్బట్లు, కాలుస్తోంది. ఒకటి మాడిపోయింది. కాసేపటికి, "సల్లగైతున్నయ్, తాతను తినొచ్చి చెప్పుమను పో," అని నన్ను మళ్ళీ పంపింది. పరుగెత్తాను. మనుషుల కాళ్ళ మధ్యనుంచి దూరి తాత దగ్గరికి పోయి, "బాపమ్మ రమ్మంటున్నది," అన్నాను. తాత మాట ఆపకుండానే, నా వైపు తిరక్కుండానే, "పోయి చెప్పు, ఇంక మస్తున్నదని," అన్నాడు. నేను మళ్ళీ ఒక్క పరుగున ఇల్లు చేరి, "ఇంక మస్తున్నదంట! బాపమ్మా, ఇంక మస్తున్నదంట!" అని కేక వేశాను. బాపమ్మ పెనం దింపింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "చెప్పనీ," అంది, "చెప్పనీ, చెప్పనీ."